ఆ పాప చేతికి మంచి సన్నాయి ఇప్పించండి

దేవదాయ, ధర్మదాయ శాఖ మంత్రిగారికి చిలకలూరిపేట నుంచి ఒక నాదస్వర వాద్యకారుడు రాస్తున్న బహిరంగ లేఖ



పోయిన నెలలో ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఒక తండ్రి నన్నొక మాట అడిగారు. జవాబు తెలిసి కూడా చెప్పలేకపోయాను. ఆ జవాబు మీ శాఖ చేతుల్లో ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నలుగురికీ పట్టే సంగతి కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను.

ఆయన మా ఊళ్లో ఆటో నడుపుతారు. ఇల్లాలు స్పిన్నింగ్ మిల్లులో పనికి వెళ్తుంది. వాళ్ల పాపకు పదకొండేళ్లు. ఏడాదిగా నా దగ్గర సంగీతం నేర్చుకుంటోంది. మా పద్ధతిలో ముందు గొంతు, ఆ తర్వాతే వాద్యం. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు మూడు కాలాల్లోనూ పాడేస్తోంది. శ్రుతి పెట్టె ఆపేసినా షడ్జం జారనివ్వదు. వాళ్లింట్లో ముందు తరాల్లో ఎవరూ సన్నాయి పట్టలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ వెంట వెళ్తూ మేళం విన్నదట, అప్పట్నుంచి ఇదే పట్టు. ఇక వాద్యం పట్టించాల్సిన వేళ వచ్చిందని నేనే కబురు చేశాను.

"మాస్టారూ, సన్నాయి కొనాలంటే ఎంతవుద్దండీ? ముందు తక్కువలో ఒకటి చూసి, చెయ్యి తిరిగాక మంచిది కొంటే సరిపోద్దా?"

సరిపోదు. ఆ ఒక్క మాట నా నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆయన చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "చూద్దాం లెండి" అని పంపేశాను.

సరిపోదని నాకెలా తెలుసో చెప్తాను.

1983లో నాకూ పదకొండేళ్లే. మా నాయన పెళ్లి మేళాలకూ గుడి సేవకూ వెళ్లేవాడు. ఇంట్లో ఉన్న మంచి సన్నాయి ఒక్కటే, అదే మా కూటికుండ. దాన్ని పిల్లవాడి చేతికిస్తే పొయ్యి వెలగదు. అందుకని పాత వస్తువులు అమ్మే ఒకాయన దగ్గర నా కోసం ఒక సన్నాయి కొన్నాడు. చూడ్డానికి నల్లగా నిగనిగలాడేది. అది ఏ కర్రో నాయనకు అనుమానంగానే ఉంది, అయినా చేతిలో ఉన్న డబ్బుకు వచ్చింది అదే. దానిలో శుద్ధ మధ్యమం పలికేది కాదు. అక్కడ వేలు ఎత్తితే శుద్ధ మధ్యమానికి కాస్త పైన, ప్రతి మధ్యమానికి కాస్త కింద, అటూ ఇటూ కాని స్వరం వచ్చేది.

మన సంగీతంలో తొలి పాఠం మాయామాళవగౌళ. ఆ రాగంలో ఉన్నది శుద్ధ మధ్యమమే. అంటే సరళీ వరసల మొదటి రోజు నుంచీ ఆరోహణలో నాలుగో స్వరం దగ్గర నేను తప్పుతూనే ఉన్నాను. ఊపిరి తగ్గించి, పెదవులు వదులు చేసి ఆ స్వరాన్ని కిందికి లాగడం అలవాటు చేసుకున్నాను. రెండేళ్లయ్యాక నాయన ఒకరోజు తన సన్నాయి నా చేతికిచ్చి వాయించమన్నాడు. అందులో మధ్యమం నిక్కచ్చిగా ఉంది. కానీ అక్కడికి రాగానే నా పెదవులు వాటంతట అవే వదులయ్యాయి. మంచి స్వరం కాస్తా కిందికి జారిపోయింది. నాయన ఒక్క మాటా అనలేదు. లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ అలవాటు అంటుకోడానికి రెండేళ్లు పట్టింది. వదిలించుకోడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

మంత్రిగారూ, వీణకు మెట్లున్నాయి. హార్మోనియానికి మెట్లున్నాయి, నొక్కితే స్వరం పలుకుతుంది. సన్నాయి మీద వేళ్లు ఆడేవి ఏడు రంధ్రాలే. మిగతాదంతా వాయించేవాడి ఊపిరి, పెదవి, నాలుక, వేలి కొస. సగం మూసిన రంధ్రంతో ఒక స్వరం, పావు మూస్తే ఇంకొకటి. ఒకే వేలి కింద రెండు స్వరాలను ఊపిరి బిగువుతోనే విడదీయాలి. అలాంటి వాద్యం దగ్గర పిల్లలు నేర్చుకునేది వేళ్ల కదలిక ఒక్కటే కాదు. ఏ స్వరానికి ఎంత ఊపిరి అన్నది ఒళ్లు నేర్చుకుంటుంది. ఒళ్లు నేర్చినది త్వరగా మర్చిపోదు. అందుకే చెయ్యి తిరిగినవాడు నాసిరకం సన్నాయితో కూడా ఎలాగో నెట్టుకొస్తాడు, దాని తప్పు ఎక్కడుందో అతనికి తెలుసు కాబట్టి. నేర్చుకునే బిడ్డకు తెలియదు. మంచి వాద్యం అందరికన్నా ఎక్కువ అవసరమైనది ఆ బిడ్డకే. లోకంలో జరిగేది మాత్రం దీనికి తలకిందులు.

సన్నాయిలో శుద్ధ మధ్యమం తగువు నా ఒక్కడిదీ కాదు. పూర్వం అంతటా వాడింది తిమిరి నాదస్వరం. పొట్టిగా ఉంటుంది, శ్రుతి ఎక్కువ. అందులో శుద్ధ మధ్యమాన్ని ఊపిరితో సర్దుకోవలసి వచ్చేది. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై అంతటివారు దానితో తృప్తి పడక, కుంభకోణం దగ్గర నరసింగంపేట అనే ఊళ్లో వాద్యాలు చేసే రంగనాథన్ ఆచారితో కలిసి పాటుపడ్డారు. అలా వచ్చింది శుద్ధ మధ్యమం శుద్ధంగా పలికే బారి నాదస్వరం. పొడుగ్గా ఉంటుంది, శ్రుతి తక్కువ, నాదం గంభీరం. ఈనాడు కచేరీల్లో మీరు వింటున్నది దాన్నే. ఒక విద్వాంసుడికి ఒక స్వరం మీద పట్టింపు ఉండబట్టి, ఆ పట్టింపును అర్థం చేసుకున్న పనివాడు దొరకబట్టి వాద్యమే మారింది. ఆ నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక మా ఊరి సంగతి. చిలకలూరిపేట అంటే పత్తి, పొగాకు, మిల్లులు గుర్తొస్తాయి చాలామందికి. సంగీతం తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది షేక్ ఆదం సాహెబ్ గారు. ఒంగోలు దగ్గర కరవది నుంచి ఒక కుర్రవాడు ఆయన దగ్గర నాదస్వరం నేర్చుకున్నాడు. ఆ తర్వాత తంజావూరు బాణీ మీద మనసు పడి అక్కడికి వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు పిళ్లై సోదరుల దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డాడు. ఆయనే షేక్ చినమౌలానా. 1977లో పద్మశ్రీ, 1998కి మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి. ఆయన దగ్గర నేర్చుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ గార్లకు 2020లో పద్మశ్రీ వచ్చింది. 2022లో భద్రాద్రి రాముడి సన్నిధిలో సేవ చేసిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్ గారికి మరణానంతరం అదే గౌరవం దక్కింది.

ఈ పేర్లన్నీ చదివితే మీకొకటి తెలుస్తుంది. తరాలుగా మన గుళ్లలో దేవుణ్ణి మేలుకొలిపిన ఊపిరిలో చాలా భాగం ముస్లిం ఇళ్లది. 1998 డిసెంబరులో రంజాన్ నెల, ధనుర్మాసం కలిసొచ్చాయి. మా నాయన తెల్లవారకముందే సహరీ భోజనం ముగించుకుని, చలిలో శాలువా కప్పుకుని, సన్నాయి చంకన పెట్టుకుని గుడికి నడిచిన తెల్లవారుజాములు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. అర్చకుడు ఆయన కోసం గుడి గుమ్మం దగ్గర ఎదురుచూసేవాడు. ఆ గుడికీ మా ఇంటికీ మధ్య ఉన్న బంధం ఆ వాద్యమే. ఆ చనువుతోనే నేను మీ శాఖను అడుగుతున్నాను.

ఇవాళ ఒక బిడ్డకు మొదటి సన్నాయి కొనాలంటే ఏమేం చూడాలో వినండి.

ముందు కర్ర. మంచి సన్నాయికి వాడే చెట్టును తమిళులు ఆచ్చా అంటారు. మనవాళ్లు నారేపి అంటారు, రాయలసీమ మెట్ట అడవుల్లో పెరుగుతుంది. పచ్చికర్ర పనికిరాదు. పాత ఇళ్లలో దూలాలై దశాబ్దాలపాటు ఎండిన కర్రను తెచ్చి తొలుస్తారు. తడి ఆరని కర్రతో చేస్తే రెండు ఎండాకాలాలకు బీటలు వారుతుంది, ఆ బీట వెంట ఊపిరి పోతుంది.

తర్వాత లోపలి తొలుపు. పై నుంచి కిందికి సమంగా విప్పారుతూ రావాలి. బయటినుంచి చూస్తే అది కనిపించదు, వాయిస్తేనే తెలుస్తుంది. వాయించగలిగేది తెలిసినవాడు. కాబట్టి తండ్రి ఒక్కడూ వెళ్లి కొనగల వస్తువు కాదు ఇది. ఒంగోలులో రైలెక్కి, చెన్నైలో మారి, కుంభకోణం దాకా గురువును వెంటపెట్టుకుని వెళ్లాలి. ఇద్దరి దారి ఖర్చులూ, గురువు వదులుకున్న ముహూర్తాలూ ఖరీదులో కలుస్తాయి.

ఆ తర్వాత శ్రుతి. సన్నాయి ఒంటరి వాద్యం కాదు, జోడుగా వాయిస్తారు. రెండున్నర శ్రుతి గురువు పక్కన మూడు శ్రుతి సన్నాయితో కూర్చున్న శిష్యుడు వాయించలేడు, వినగలడంతే. కింద ఉండే అయిదు రంధ్రాలను మైనంతో మూసీ తెరిచీ శ్రుతిని కాస్త సర్దవచ్చు. ఆ సర్దుబాటు వెంట్రుకవాసి, అంతకన్నా దూరం పోదు.

ఆపైన పీక, అంటే పెదవుల మధ్య పెట్టుకుని ఊదే చిన్న ముక్క. సన్నాయికి ప్రాణం అదే. ఒక్కటి చాలదు. వాద్యానికి దారాలతో నాలుగైదు వేలాడుతూ ఉండాలి, పక్కన వాటిని సరిచేసే సూది. ఇవాళ పలికిన పీక రేపు పలకదు. మనం ఇక్కడ చేసుకునేవి కావు, ఇవీ కావేరి ఒడ్డు నుంచే రావాలి.

ఇన్నీ చూసి కొన్నాక, అన్నిటికన్నా పెద్ద చిక్కు. పదకొండేళ్ల పిల్ల వేళ్లు బారి సన్నాయి రంధ్రాలకు అందవు. ముందు పొట్టిది పట్టించాలి. నాలుగేళ్లకు వేళ్లు సాగుతాయి, రొమ్ములో ఊపిరి నిలుస్తుంది, అప్పుడు బారి కావాలి. అంటే ఒక బిడ్డకు రెండుసార్లు కొనాలి. ఒక్కసారికే జేబు తడుముకున్న తండ్రిని రెండోసారి అడగగలమా? అందుకే ఆయన మొదటిది తక్కువలో చూద్దామన్నాడు. ఆయన లెక్క ఆయన వైపు నుంచి సరైనదే. ఆ లెక్కకే మా నాయన కూడా తలొగ్గాడు.

ఈ చిక్కు మనకొక్కళ్లకే వచ్చింది కాదు. డబుల్ బాస్ అని పాశ్చాత్యుల తీగవాద్యం ఉంది. మనిషి కన్నా ఎత్తు. మన సినిమా పాటల్లో అట్టడుగున గంభీరంగా మోగుతుంటుంది. పదేళ్ల పిల్లలు దాన్ని పట్టలేరు కాబట్టి సగం కొలతలో, పావు కొలతలో చిన్నవి చేస్తారు. ఎదిగేకొద్దీ మార్చాలి. అక్కడి గురువులు తల్లిదండ్రులకు చెప్పే మొదటి మాట, "తొందరపడి కొనకండి, అద్దెకు తెచ్చుకోండి, బిడ్డ ఎదిగాక మార్చుకోండి" అని. చాలా చోట్ల బడులే పిల్లలకు ఆ వాద్యాన్ని ఇస్తాయి. వెనిజులా అనే బీద జనం ఎక్కువున్న దేశంలో 1975లో హోసే ఆంతోనియో అబ్రేయూ అనే సంగీతకారుడు ఒక ఏర్పాటు మొదలుపెట్టాడు. పిల్లలకు సంగీతం చెప్పడమే కాక వాద్యమూ చేతికిస్తారు. దానిలో నేర్చుకున్న ఎడిక్సన్ రూయిజ్ అనే కుర్రవాడు పదకొండేళ్లకు డబుల్ బాస్ పట్టాడు. పదిహేడేళ్లకు బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌లో, ప్రపంచంలోనే పేరున్న వాద్యబృందంలో చేరాడు. అతని ప్రతిభ అతనిదే. కానీ ఆ పదకొండేళ్ల వయసులో అతని చేతికి వాద్యం అందించినవాళ్లు ఉన్నారు. మా పాపకూ పదకొండేళ్లే.

కాబట్టి నేను అడిగేది ఇది. జిల్లాకొక పెద్ద గుడిలో వాద్యాల బీరువా ఒకటి పెట్టించండి. మా పల్నాడుకైతే కోటప్పకొండ త్రికోటేశ్వరుడి సన్నిధి ఉంది. అందులో అరడజను సన్నాయిలు, కొన్ని తిమిరి, కొన్ని బారి. వాటితోపాటు డోళ్లు, కావలసినన్ని పీకలు. గురువు సంతకం మీద బిడ్డకు ఇవ్వండి, గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్టు. వేళ్లు సాగాక పొట్టిది తెచ్చిచ్చి పొడుగుది తీసుకెళ్తుంది. సంపాదన మొదలైనాక సొంతది కొనుక్కుని గుడిది గుడికి ఇచ్చేస్తుంది. ఒక్క సన్నాయి జాగ్రత్తగా వాడితే ఎంతమంది పిల్లల ఊపిరి చూస్తుందో ఆలోచించండి.

ఒక్క మనవి. వాటిని టెండర్ పిలిచి కొనకండి. తక్కువ ధరకు ఇచ్చేవాడి దగ్గర దొరికేది నా 1983 నాటి సన్నాయే. వాయించేవాళ్లను ముగ్గుర్ని పంపించండి. ఒక్కొక్క వాద్యాన్నీ మాయామాళవగౌళలో కిందినుంచి పైదాకా వాయించి, మధ్యమం దగ్గర ఆగి, విని, అప్పుడు తెమ్మనండి. ఇంకొక మనవి. గుళ్ల జీర్ణోద్ధరణలో పాత దూలాలు దించుతారు కదా. వేలం వేసే ముందు ఒక్కసారి మాకు చూపించమనండి. అందులో నారేపి కర్ర ఉంటే అది పొయ్యిలోకి పోవలసింది కాదు. మన వడ్రంగుల్లో చెయ్యి మంచివాడు ఒకరిద్దరిని నరసింగంపేట పంపి పని నేర్పిస్తే, బీట వారిన సన్నాయిని బాగుచేసుకోడానికైనా కావేరి దాకా పోనక్కర్లేదు.

మీ అధికారులు కొన్ని సందేహాలు చెప్పవచ్చు. సంగీత కళాశాలలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటికి దండం పెడతాను. విజయనగరంలో 1919 నుంచి ఉంది. తిరుపతిలో దేవస్థానం వారిది 1959 నుంచి ఉంది, నాదస్వరానికీ డోలుకూ విడిగా పాఠశాల కూడా ఉంది. కానీ పదకొండేళ్ల పిల్ల తల్లిని వదిలి తిరుపతి పోలేదు. పోయే వయసుకు ఆమె ఒళ్లు సరైన స్వరమో తప్పుడు స్వరమో ఏదో ఒకటి నేర్చేసి ఉంటుంది. నేను అడిగేది ఆ కళాశాలల గుమ్మం దాకా బిడ్డను చేర్చే వాద్యం.

పిల్లలు మధ్యలో మానేస్తే ఎలా అంటారు. కొందరు మానేస్తారు. సొంత డబ్బుతో కొన్న సన్నాయి అప్పుడు అటక ఎక్కుతుంది, తండ్రి అప్పు మాత్రం నేల మీదే ఉంటుంది. గుడి సన్నాయి అయితే ఇంకొక బిడ్డ చేతికి వెళ్తుంది. మానేసేవాళ్లున్నారు కాబట్టే దీన్ని ఉమ్మడిగా పెట్టమంటున్నాను.

ఎరువు తెచ్చుకున్న వస్తువును జాగ్రత్తగా చూడరు అంటారు. మా ఇళ్లలో సన్నాయిని కాలికి తగలనివ్వం. గుడి వాద్యమని తెలిస్తే ఆ ఆటో తండ్రి దాన్ని దేవుడి పటం పక్కన పెడతాడు.

చాలా గుళ్లలో ఇప్పుడు హారతి వేళకు స్విచ్చి వేస్తే డోలు, గంట మోగించే యంత్రాలు వచ్చాయి. వాటిని పెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు, మనుషులు దొరకకే పెట్టారు. మనుషులు ఎందుకు దొరకడం లేదంటే, కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ మీరు ఒక్కరోజులో తీర్చలేరు. నేర్చుకుంటానని తనంత తాను నడిచివచ్చిన బిడ్డ వాద్యం లేక ఆగిపోవడం అనే కారణం ఒకటుంది. అది మాత్రం మీరు ఒక్క ఉత్తర్వుతో తీర్చగలరు.

ఆ పాప ఇప్పుడేం చేస్తోందో చెప్పి ముగిస్తాను. బడి అయ్యాక మా ఇంటికి వస్తుంది. నాకున్న పాత తిమిరి మీద అరగంట వాయిస్తుంది. దాన్ని ఇంటికి ఇవ్వలేను, నా దగ్గర నేర్చుకునే మరో ముగ్గురికీ అదొక్కటే. అందుకని ఒక పీకను తడిపి, చిన్న డబ్బీలో పెట్టి ఇస్తాను. రాత్రి అన్నాలయ్యాక ఆ పీక ఒక్కదాన్నే పెదవుల మధ్య పెట్టుకుని షడ్జం ఊదుతుందట. ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో వాళ్ల నాన్న లెక్కపెడతాడట. నిన్న వచ్చి, "మాస్టారూ, రాత్రి నలభై దాకా వచ్చింది" అని చెప్పింది. ఊపిరి సిద్ధంగా ఉంది. దాన్ని నింపుకోడానికి సన్నాయి లేదు.

త్రికోటేశ్వరుడి సన్నిధిలో ఆ పాప శుద్ధ మధ్యమం శుద్ధంగా పలికే రోజు త్వరగా రావాలని కోరుకుంటూ,

ఇట్లు
మీ విధేయుడు,
ఒక నాదస్వర వాద్యకారుడు,
చిలకలూరిపేట, పల్నాడు జిల్లా.